గురునాథుడి నుంచి ప్రైవేటు సెక్రెటరీ దాకా

ఇందుకూరుపేటలో మా పాత ఇంటి అటకమీద ఒక రేకుపెట్టె ఉండేది. అది మా అన్నయ్యది. ఆయన కాలం చేసి, సంవత్సరీకాలు కూడా అయిపోయాక మా వదిన దాన్ని కిందికి దింపించి నా ముందు పెట్టించింది. “పండితుడివి గదా అబ్బయ్యా, ఏముందో నువ్వే చదువుకో” అన్నది. మూత తీస్తే కలరా ఉండల వాసనతో పాటు నలభై మూడు నోటుపుస్తకాలు బయటపడ్డాయి. పేజీ నడుమ నిలువుగా ఒక గీటు, దానికి ఇరువైపులా కొక్కేలు, వంపులు, చుక్కలు, సున్నలు. పేజీ తలమీద తేదీ తప్ప చదవదగిన అక్షరం ఒక్కటి లేదు. ముప్ఫై రెండేళ్ళు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. ప్రబంధానికి టీక వ్రాయమంటే వ్రాస్తాను, శాసనపాఠం ఇస్తే కూడబలుక్కొని చదువుతాను. సొంత అన్న చేతివ్రాత మాత్రం చదవలేకపోయాను.

ఆయన ఉద్యోగమే అది. 1964లో తంతి తపాలా శాఖలో స్టెనోగ్రాఫరుగా చేరి, ఆ శాఖలోని పెద్ద అధికారుల దగ్గర పి.ఏ.గాను, తరువాత ప్రైవేటు సెక్రెటరీగాను మొత్తం నలభై ఏళ్ళు పనిచేసి 2004లో విశ్రాంతి తీసుకొన్నాడు. ప్రైవేటు సెక్రెటరీని సర్కారువారి తెలుగులో ‘ఆంతరంగిక కార్యదర్శి’ అంటారు. మా ఊళ్ళో మాత్రం “పెద్దసారు కాడ రాసేవాడు” అనేవారు. రెండింటిలో ఊరివాళ్ళ అనువాదమే నాకు నచ్చుతుంది. ఏ ఊళ్ళో ఏ కార్యాలయమో, ఏ అధికారులో ఇక్కడ వ్రాయను. ఆయన బ్రతికి ఉండగా ఇంట్లోవాళ్ళకే చెప్పని సంగతులు ఆయన పోయాక నేను ఊహించి చెప్పటం పాడి కాదు. అయితే ఆ ఉద్యోగానికి ఒక చరిత్ర ఉన్నది. పెద్దల చరిత్ర వ్రాసేవారు దాన్ని పట్టించుకోలేదు, ఉద్యోగసంఘాల చరిత్ర వ్రాసేవారూ పట్టించుకోలేదు. నాకు తెలిసినంత మేరకు ఆ ముక్కలను ఏరి ఒకచోట పెడదామని ఈ ప్రయత్నం.

నెల్లూరు సీమవాడు ఈ కథను తిక్కనతో మొదలుపెట్టక తప్పదు. తిక్కన చెబుతూ ఉంటే భారతం వ్రాసిపెట్టినవాడు గురునాథుడని, అతడు కుమ్మరి కులంవాడని మన పెద్దలు చెప్పుకొనే కథ మీలో చాలామంది విన్నదే. కవి ఆగకుండా చెప్పాలి, లేఖకుడు ఆగకుండా వ్రాయాలి, ఇదీ వారి ఒడంబడిక. యుద్ధపర్వాలలో ఒకచోట తిక్కనకు పద్యం నడుమ మాట తోచలేదట. ఇక ఏమని చెప్పేదని దిగులుపడి, ఎదుట ఉన్న లేఖకుణ్ణి ‘గురునాథా’ అని పిలిచాడట. గురునాథుడు గంటం ఆపలేదు. ఆ మాటలను కూడా పద్యంలో భాగంగానే వ్రాసేశాడు. తరువాత చూసుకొంటే పద్యం సరిగ్గా పూర్తి అయి ఉన్నది! అక్కడ మాట్లాడుతున్నది సంజయుడు, వింటున్నది ధృతరాష్ట్రుడు. కౌరవరాజును ‘కురునాథా’ అని పిలిస్తే, ద్రుతాంతమైన క్రియ తరువాత ఉండటం వల్ల సరళాదేశం వచ్చి ‘గురునాథా’ అనే వినబడుతుంది. కకారం గకారమయింది, కవి గండం గట్టెక్కింది.

పిల్లలకు సరళాదేశసంధి చెప్పేటప్పుడు ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ తిక్కన అదృష్టాన్నే మెచ్చుకొన్నాను. ఆ గండం దాటించినది వ్రాసేవాడి చెవి అని, ఏది తనతో అన్న మాటో, ఏది వ్రాయవలసిన మాటో క్షణంలో తేల్చుకొన్నవాడు అతడని నాకు ఆ పెట్టె తెరిచేదాకా తట్టలేదు. కథ నిజమో కల్పితమో అక్కడ ఉంచుదాం. ఒక లేఖకుడి పేరు మన సాహిత్యంలో నిలిచినది బహుశా ఇదొక్క సందర్భంలోనే. అది కూడా అతడు చేసిన వేల పద్యాల వ్రాతకు కాదు, కవి అతణ్ణి పేరుపెట్టి పిలిచినందుకు!

రాజులకు ఈ పనివారు ఎప్పుడూ ఉన్నారు. వ్రాయసకాడు అనే పాత మాట రాయసగాడై, ఆ ఉద్యోగం రాయసమై, కాలక్రమాన రాయసంవారు అనే ఇంటిపేరుగా స్థిరపడింది. కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి దుర్గాన్ని గెలుచుకొన్న తరువాత ఆ రాజ్యాన్ని పాలించినవారిలో రాయసం కొండమరుసయ్య ఒకడు. ఆయన బిరుదే ఆయన మొదటి ఉద్యోగాన్ని చెబుతున్నది. రాజుగారి పక్కన వ్రాతపని చేసినవాడు మా జిల్లా కొండకోటకు అధిపతి అయ్యాడన్నమాట. రాయసానికి ఆ రోజుల్లో ఉన్న బరువు ఎంతో తెలియాలంటే, రాయల తరువాత కొన్నేళ్ళకు విజయనగరంలో ఉన్న గుర్రాల వర్తకుడు నూనిజ్ అనే పోర్చుగీసువాడు వ్రాసినది చూడాలి. రాజు వ్రాతపూర్వకమైన ఆజ్ఞలు ఇవ్వడట. ఎవరికైనా ఏదైనా అనుగ్రహిస్తే అది రాయసగాండ్ర పుస్తకాలలో నమోదు అవుతుంది, పుచ్చుకొన్నవాడి చేతికి లక్కమీద వేసిన ఉంగరపు ముద్ర మాత్రం వస్తుంది. అంటే రాజు నోటిమాటకూ ప్రపంచానికీ నడుమ ఉన్న ఒకే ఒక సాక్ష్యం ఆ వ్రాసేవాడి పుస్తకం. అటువంటి వానికి కోట అప్పగించటంలో వింత ఏమున్నది?

కుంపిణీ కాలానికి వచ్చేసరికి రాయసం దొరల చేతి కిందికి దిగింది. అప్పట్లో నెల్లూరు జిల్లాలో భాగంగా ఉన్న ఒంగోలులో పుట్టిన వెన్నెలకంటి సుబ్బారావు 1815 నుంచి 1829 వరకు మద్రాసు సదరు కోర్టులో అనువాదకుడిగా, దుబాసీగా ఉన్నాడు. ఆయన తన జీవితకథను ఇంగ్లీషులో తానే వ్రాసుకొంటే, అది ఆయన పోయిన చాలా ఏళ్ళకు 1873లో మద్రాసులో అచ్చయింది. జీవితమంతా ఇతరుల మాటలను ఒక భాషలోనుంచి మరొక భాషలోకి మోసినవాడు చివరకు తన మాటలు కొన్ని వ్రాసుకోగలిగాడు. ఈ కోవలో ఆయన అదృష్టవంతుడు. మా అన్నయ్య వంటివారికి ఆ తీరిక లేదు, ఉన్నా ఆ అలవాటు లేదు.

ఇక తపాలా సంగతి. తపాలా అన్న మాటకు మూలం ‘టప్పా’ అని, అంటే దారిలో మనిషి మారే మజిలీ అని కోశకారులు చెబుతారు. మన మిత్రులు ఇక్కడి వ్రాతలకు ‘టపా’ అని పేరుపెట్టుకొన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మోసుకొచ్చినవాడు ఒక మజిలీలో దించితే ఇంకొకడు ఎత్తుకొంటాడు. మన దేశంలో తపాలా బిళ్ళలు 1854 అక్టోబరు 1న వచ్చాయి. ఓషానెసీ అనే వైద్యుడి పూనికతో 1851లో కలకత్తాకూ డైమండ్ హార్బరుకూ నడుమ మొదలైన తంతి 1855లో ప్రజలకు అందింది. 1914లో ఈ రెండు శాఖలనూ ఒకే అధిపతి కిందికి తెచ్చారు. 1985లో మళ్ళీ విడదీశారు. మా అన్నయ్య చేరినది ఉమ్మడి కాపురంలో, దిగిపోయినది వేరుపడిన తరువాత. విడిపోయినప్పుడు ఆయన టెలిఫోన్ల వైపు వెళ్ళాడు.

ఆయన ఆ ఉద్యోగానికి ఎలా చేరాడో చెప్పాలి. అప్పట్లో మా ప్రాంతంలో ఎస్.ఎస్.ఎల్.సి. గట్టెక్కిన కుర్రవాడికి ముందున్న దారులు మూడు. పొలం, సెకండరీ గ్రేడు టీచరు ట్రెయినింగు, లేదా టైపు ఇన్‌స్టిట్యూటు. మా నాయన మూడోదానికి పంపాడు. తెల్లవారుజామునే సద్దన్నం తిని, ఇందుకూరుపేట నుంచి నెల్లూరికి సైకిలు తొక్కుకొని పోయి, ఒక గంట టైపు, ఒక గంట షార్ట్‌హ్యాండు నేర్చుకొని వచ్చేవాడు. మొదట నిమిషానికి 80 మాటలు, ఆ పైన 100, ఆ పైన 120. నేను అప్పటికి పాలుతాగే పిల్లవాణ్ణి. రాత్రిళ్ళు లాంతరు ముందు కూర్చుని, మా అమ్మ ఎవరితోనైనా మాట్లాడుతుంటే ఆమె మాటలను గాలిలో వేలితో గీసేవాడని మా అమ్మే చెప్పేది. “నేను తిట్టినా రాసుకొనేవాడు” అని నవ్వేది.

ఆ లిపిని ఐజాక్ పిట్‌మన్ 1837లో ప్రకటించాడు. దాని కిటుకు ఏమిటంటే అది వర్ణక్రమాన్ని కాక ధ్వనిని వ్రాస్తుంది. ఇంగ్లీషువాడు ఎట్లా వ్రాస్తాడన్నది దానికి పట్టదు, ఎట్లా పలుకుతాడన్నదే పట్టుతుంది. ఈ మధ్య దాని పాఠ్యపుస్తకం సంపాదించి చూస్తే నాకు నోట మాట రాలేదు. ప, ట, చ, క ధ్వనులకు సన్నగీతలు. బ, డ, జ, గ ధ్వనులకు అవే గీతలు, అదే దిశ, అదే పొడవు, కాకపోతే కాస్త ఒత్తి లావుగా గీయాలి. మన బాలవ్యాకరణం చదివినవాడికి ఇంతకంటె ఏమి కావాలి? కచటతపలు పరుషాలు, గజడదబలు సరళాలు. పరుషానికి సన్నగీత, సరళానికి లావుగీత! పిట్‌మన్ దొర మన వ్యాకరణం చూసి ఉండడు. నోరు అందరికీ ఒకటే గనుక లెక్క అక్కడికే వచ్చింది. ఆ లిపిలో కురునాథుడికీ గురునాథుడికీ ఉన్న తేడా పెన్సిలు ఒత్తిడి మాత్రమే.

మరొక సంగతి. వేగంగా వ్రాసేవారు అచ్చులను విడిచిపెడతారు. అచ్చులకు చుక్కలూ చిన్నగీతలూ ఉన్నాయి గాని అవి పెట్టుకొంటూ కూర్చుంటే చెప్పేవాడు అర మైలు ముందుకు పోతాడు. గుణింతం తీసివేసిన హల్లుల వరుసలాగా ఉంటుందన్నమాట ఆ వ్రాత. వ్రాసినవాడు ఆ పూటో మరునాడో సందర్భం గుర్తుండగా చదువుకొని టైపు చేసుకోవాలి. ఆరు నెలలు గడిస్తే తన వ్రాత తనకే కొరుకుడు పడదని మా అన్నయ్య ఒకసారి అన్నాడు. ప్రభుత్వ రహస్యానికి ఇంతకు మించిన తాళం లేదేమో.

అధికారి గంట కొట్టగానే నోటుపుస్తకంతో లోపలికి వెళ్ళి చెప్పింది వ్రాసుకొని వచ్చి టైపు చేయటం ఈ ఉద్యోగంలో ఒక పాలు మాత్రమే. వచ్చిన టప్పాలు విప్పి, దేనిని ముందు పెట్టాలో దేనిని అడుగున పెట్టాలో చూడటం, పర్యటన కార్యక్రమాలు, ప్రయాణ బిల్లులు, డి.ఓ. లెటర్ల వరస, మీటింగు కాగితాలు, ట్రంకుకాల్ బుక్ చేసి అవతలి అధికారి పి.ఏ.ను లైనులోకి తెచ్చి, ఇద్దరు పి.ఏ.లూ ఎవరి దొరను ముందు మాట్లాడించాలా అని మర్యాదగా కుస్తీ పట్టటం, ఇదంతా మిగిలిన పాలు. అన్నిటికంటె పెద్దది తలుపు. లోపలికి ఎవరు పోవాలి, ఎవరు కూర్చోవాలి, ఎవరు రేపు రావాలి. ఆ తలుపు దగ్గర కూర్చున్నవాడికి తనదంటూ అధికారం ఏమీ లేదు, ఉన్నట్టు మాత్రం లోకం అనుకొంటుంది.

టెలిఫోను కోసం ఏళ్ళ తరబడి జాబితాలో కాచుకొన్న కాలం మీకు గుర్తుండే ఉంటుంది. అన్నయ్య పండగకు ఊరు వస్తే మా అరుగుమీద జనం. “అబ్బోడికి ఫోను తెప్పించు అబ్బయ్యా, నువ్వు ఒక్క మాట జెప్తే చాలు” అనేవారు. మొలగొలుకుల బియ్యం బస్తా ఒకటి మా పంచలో దించి చెప్పకుండా వెళ్ళిపోయినవారు ఉన్నారు. ఆయన దాన్ని అదే బండిమీద తిప్పి పంపించాడు. ఆ ఇంటివాళ్ళు రెండేళ్ళు మాతో మాట్లాడలేదు. “ఒక్క మాట చెప్పొచ్చు గదరా” అని మా నాయన కూడా అన్నాడు. “నేను చెప్పేవాణ్ణి కాదు నాయనా, రాసేవాణ్ణి” అని ఊరుకొన్నాడు.

ఆయన నోట శాఖను గురించి మెచ్చుకోలుగా విన్న కబురు ఒక్కటి ఉన్నది. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్‌కోడును రూపొందించినవారు శ్రీరామ్ భికాజీ వేలణకర్. ఆ శాఖలో పెద్ద అధికారి, సంస్కృతంలో కవి. ముందునుంచి చదివితే రామకథగానూ వెనుకనుంచి చదివితే కృష్ణకథగానూ వచ్చే విలోమకావ్యం వ్రాసినవారు. ఎదురు చదివినా తడబడని అక్షరాలు పేర్చినవాడు దేశమంతటినీ ఆరు అంకెలలో పేర్చాడు. మా జిల్లాకు 524 వచ్చింది. ఆ సర్క్యులర్లను స్టెన్సిలుమీద కొట్టిన వందలాది మందిలో తానూ ఒకణ్ణని అన్నయ్య గర్వంగా చెప్పుకొనేవాడు. తెలుగు చదువుకొన్న తమ్ముడికి ఈ ఒక్కటైనా పనికివస్తుందనుకొన్నాడేమో.

ఇక 1968. ఈ వ్యాసం వ్రాయటానికి అసలు కారణం ఆ సంవత్సరమే.

కేంద్రప్రభుత్వ ఉద్యోగులు అంతకు ముందు 1960 జూలైలో సమ్మె చేశారు. అవసరాలకు సరిపడే కనీసవేతనం కావాలని 1968 సెప్టెంబరు 19న మళ్ళీ ఒకరోజు సమ్మె తలపెట్టారు. ప్రభుత్వం దానికి కొద్దిరోజుల ముందే అత్యవసర సేవల ఆర్డినెన్సు తెచ్చి సమ్మెను నిషేధించింది. అయినా తంతి తపాలా ఉద్యోగులు, రైల్వేవారు, ఇంకా ఎందరో పనిలోకి పోలేదు. అరెస్టులు జరిగాయి, కొన్నిచోట్ల కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. ఉద్యోగం ఖాయం కాని తాత్కాలికోద్యోగులకు అన్నిటికంటె ఎక్కువ దెబ్బ తగిలింది. 1965 నాటి తాత్కాలిక సేవా నియమాలలో అయిదో నియమం కింద, కారణం చెప్పనక్కరలేకుండా ఒక నెల నోటీసుతో వారిని ఇంటికి పంపవచ్చు. అట్లా దేశమంతటా వేలమందికి నోటీసులు వెళ్ళాయి.

వెళ్ళాయంటే ఎవరో వ్రాయాలి గదా! అధికారి చెబుతాడు. స్టెనో వ్రాసుకొంటాడు. స్టెన్సిలు కోసి ప్రతులు తీస్తే, ఖాళీలలో పేర్లు టైపు చేయాలి. మా అన్నయ్యకు అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. ఉద్యోగంలో ఖాయమయ్యాడు, పెళ్ళి అయింది. సమ్మెనాడు ఆంతరంగిక సిబ్బందిని ముందురాత్రే ఆఫీసులో పడుకోమన్నారట, పడుకొన్నాడు. సమ్మె చేసినవారిలో మైపాడు వైపు కుర్రవాడొకడు ఉన్నాడు. నెల్లూరు టైపు ఇన్‌స్టిట్యూటుకు ఒకే సైకిలుమీద కలిసి పోయినవాళ్ళు వాళ్ళిద్దరూ. ఆయన తంతి కార్యాలయంలో తాత్కాలిక గుమాస్తా.

ఒక సాయంకాలం ఆయన మా ఇంటికి వచ్చాడు. నాకు ఎనిమిదేళ్ళు, అరుగుమీద ఎక్కాలు అప్పజెబుతున్నాను. జేబులోనుంచి మడత కాగితం తీసి మా నాయన చేతిలో పెట్టి, “మామా, మీవాడే కొట్టినాడు” అన్నాడు. మా నాయనకు ఇంగ్లీషు రాదు. ఎట్లా తెలుసు అని అడిగాడు. ఆయన ఇంటిపేరు కాస్త చిక్కుగా ఉంటుంది. ఆఫీసులో చేరిన రోజునుంచీ జీతం బిల్లులో, సెలవు కాగితంలో, ఒక్కొక్కరు ఒక్కొక్క రకంగా తప్పు వ్రాసేవారట. “ఈ కాగితంలో ఒక్క తప్పు లేదు మామా. మా ఇంటిపేరు సరిగ్గా రాయగలిగినోడు ఆ బిల్డింగులో వాడొక్కడే” అన్నాడు. కోపంగా అనలేదు. మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

తరువాతి కాలంలో ప్రభుత్వం మెత్తబడి చాలామందిని మళ్ళీ పనిలోకి తీసుకొన్నది. ఆయన మాత్రం తిరిగి పోలేదు. వరి పండించాడు, 1990ల తరువాత మా తీరమంతా రొయ్యల గుంటలు వస్తే తానూ ఒకటి తవ్వించాడు. మా అన్నయ్య ఆ సంవత్సరం దీపావళికి ఊరికి రాలేదు. ఆ తరువాత వచ్చినప్పుడు కూడా మైపాడు దారి తొక్కలేదు. ఈ ముచ్చట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేను పెద్దవాణ్ణయ్యాక ఒకసారి ఉండబట్టలేక, ‘నువ్వు రాయనని చెప్పి ఉంటే’ అని అడిగాను. “ఇంకొకడు రాసేవాడు, ఇంటిపేరు తప్పు రాసేవాడు” అన్నాడు. నాకు ఆ జవాబు నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా నచ్చిందని చెప్పలేను. కాని నలభై ఏళ్ళు వ్రాసిన మనిషి గురించి ఒక్క కాగితాన్ని పట్టుకొని తీర్పు చెప్పేటంత ధైర్యమూ నాకు లేదు.

రహస్యం సంగతి కూడా రెండు మాటలు. 1885 నాటి టెలిగ్రాఫు చట్టంలోని అయిదో సెక్షను, అత్యవసర పరిస్థితి పేరుమీద, ప్రజాభద్రత పేరుమీద తంతివార్తలను ఆపటానికీ, చూడటానికీ ప్రభుత్వానికి అధికారమిచ్చింది. 1975 జూన్ నుంచి 1977 మార్చి దాకా ఎమర్జెన్సీ. 1986లో ఉత్తరాలు ఆపి చూసే అధికారాన్ని విస్తరిస్తూ పార్లమెంటు ఆమోదించిన తపాలా సవరణ బిల్లుమీద రాష్ట్రపతి జైల్‌సింగ్ సంతకం పెట్టలేదు, తిప్పిపంపనూ లేదు. అది చట్టం కాలేదు. టెలిఫోన్ల చాటుమాటు వినికిడికి సుప్రీంకోర్టు 1996లో కట్టుబాట్లు పెట్టింది. ఆ పాత చట్టాల స్థానంలో 2023లో కొత్త టెలికాం చట్టమూ, కొత్త తపాలా చట్టమూ వచ్చాయి. పత్రికల్లో ఇవన్నీ దుమారం లేపుతున్న రోజుల్లో అన్నయ్య ఇంటికి వచ్చి పేపరు చదివి మడిచి పెట్టేవాడు. ‘ఏం జరిగిందన్నయ్యా’ అంటే, “పేపర్లో ఉంది గదా” అనేవాడు. ఆయనకు ఏమైనా తెలుసో, ఏమీ తెలియదో కూడా మాకు తెలియనివ్వలేదు. ఇంగ్లీషువాళ్ళ సెక్రెటరీ అన్న మాటలో రహస్యం దాగి ఉన్నదని నిఘంటువు చెబుతుంది. మా ఇంట్లో ఆ మాట నిఘంటువు అవసరం లేకుండానే అర్థమయింది.

1989 నవంబరులో కావలి దగ్గర పెను తుపాను తీరం దాటింది. స్తంభాలు కూలి, తీగలు తెగి, ఒక్కొక్క ఎక్స్ఛేంజీ మూగబోతూ ఉంటే ఆ రాత్రంతా ఆయన అధికారి పక్కన కూర్చుని ఏ ఊరు అందుతున్నదో ఏ ఊరు అందటం లేదో వ్రాస్తూ ఉన్నాడట. ఆ అందని ఊళ్ళ వరసలో మా వైపు పేర్లు కూడా వచ్చాయి. అమ్మ అప్పుడు ఇందుకూరుపేటలోనే ఉన్నది. వ్రాసుకొని, టైపు చేసి, తెల్లవారాక సంతకానికి పెట్టి, అప్పుడు మాత్రం బయటికి పోయి కాసేపు నిలబడ్డాడట. మేము క్షేమమన్న కబురు మూడు రోజులకు గాని ఆయనకు చేరలేదు. టెలిఫోన్ల శాఖ పెద్దగారి పక్కన కూర్చున్నవాడికి! ఈ సంగతి చెప్పింది వదిన. ఆయన చెప్పలేదు.

తరువాతి కథ అందరికీ తెలిసినదే. 1984లో సి-డాట్ మొదలైన తరువాత పల్లెలకు తగిన ఎక్స్ఛేంజీలు వచ్చాయి, వీధి వీధికీ ఎస్.టి.డి. బూతులు లేచాయి. 1995లో మొదటి మొబైల్ పలుకు వినబడింది. 2000 అక్టోబరు 1న టెలిఫోన్ల పని బి.ఎస్.ఎన్.ఎల్.కు మారింది. కంప్యూటరు వచ్చాక అధికారులే తమ ఉత్తరాలు తామే కొట్టుకోవటం నేర్చుకొన్నారు. 2013 జూలై 14 తంతికి ఆఖరి రోజు. ఆనాడు నెల్లూరు పోయి అన్నయ్యకు ఒక తంతి ఇద్దామనుకొని బద్ధకించాను. ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

నోటుపుస్తకాల దగ్గరికి వస్తాను. నెల్లూరులో చాలా ఏళ్ళు షార్ట్‌హ్యాండు చెప్పి మానుకొన్న ఒక పెద్దాయన ఉన్నారని తెలిసి, 1968 నాటి పుస్తకం ఒకటి ఆయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయనకు చూపు మందగించింది. కిటికీ దగ్గర కూర్చుని వేలు పెట్టి మెల్లగా చదివారు. సెప్టెంబరు చివరి తేదీ ఉన్న పేజీ వచ్చేసరికి, “ఇది నోటీసు. రూల్ అయిదు అంటున్నాడు. ఒక నెల అంటున్నాడు” అన్నారు. గీతలు చాలా శుభ్రంగా ఉన్నాయని, మంచి చెయ్యి అని మెచ్చుకొన్నారు. పేజీ అడుగున, నోటీసు ముగిసిన తరువాత, కాస్త ఎడంగా మూడు గీతలగుంపులు ఉన్నాయి. వాటిని ఇటు తిప్పి అటు తిప్పి చూసి, “ఇది ఇంగ్లీషు కాదు పంతులుగారూ” అని పుస్తకం నా చేతిలో పెట్టారు.

అప్పుడే ఆ పాఠ్యపుస్తకం కొన్నాను. రెండు నెలలు పట్టింది. ధ్వనిని వ్రాసే లిపి గనుక ఏ భాషనైనా వ్రాయవచ్చు, అన్నయ్య అందులో తెలుగు వ్రాశాడు. మొదటిది ఒక నిలువు గీత, దాని కాలినుంచి కుడికి వాలిన గీత. తకారం, పకారం. ‘తప్పు’. రెండోది నకారపు వంపు, కింద నిలువుగీత. ‘నాది’. మూడోది ఒక అడ్డగీత, దాని చివర నిలువుగీత. ఆ నిలువుగీత దకారమే. అడ్డగీత సన్నమైతే కకారం, అది ‘కాదు’ అవుతుంది. లావైతే గకారం, అచ్చులు ఎటూ లేవు గనుక అది మా నెల్లూరువాళ్ళు మాటమాటకూ అనే ‘గదా’ అవుతుంది. భూతద్దం పెట్టి చూశాను, ఎండలో పెట్టి చూశాను, ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసి చూశాను. ఏభై ఏళ్ళ పైబడిన పెన్సిలు వెలిసిపోయి ఎదుటి పేజీకి కూడా అంటుకొన్నది. ఆ గీత సన్నమో లావో తేలలేదు.

ఏం రాసినాడు అబ్బయ్యా అని వదిన అడిగింది. ఇంకా చదువుతున్నాను వదినా అని చెప్పాను.